గడియారపు సూక్ష్మ భాగాలకు మాక్రో ఫోటోలు: పదును ఎక్కడ పోతోంది?

పాతగడియారం:

అందరికీ నమస్కారం. పాత చేతి గడియారాలను విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి తిరిగి బిగించడం కొన్నేళ్లుగా నాకు వ్యాపకం. ఏ మర ఎక్కడిదో మరచిపోకుండా ఉండడానికి ఇంతకాలం ఫోన్‌తోనే ఫోటోలు తీసుకుంటూ వచ్చాను. ఈమధ్య 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్స్ ఒకటి సమకూరింది. అది 1:1 నిష్పత్తి వరకు, అంటే వస్తువు సెన్సర్ మీద అసలు సైజులోనే పడేంత వరకు, తీస్తుంది. కెమెరా 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్. బ్యాలెన్స్ స్టాఫ్ పివట్ (ఊగే చక్రపు ఇరుసు సన్నని కొన) అరిగిందా, అది తిరిగే కెంపురాయి పగిలిందా అన్నవి ఇకమీదట ఫోటోలోనే తేల్చుకోవచ్చని ఆశపడ్డాను.

ఆచరణలో రెండు చిక్కులు ఎదురయ్యాయి. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కంత; అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది) ఎఫ్ 8 దగ్గర ఉంచితే బ్యాలెన్స్ చక్రం అంచు చక్కగా వస్తోంది గాని, దాని ఇరుసు మసకబారుతోంది. రెండూ రావాలని ఎఫ్ 32 దాకా మూసి తీస్తే, పక్షపాతం లేకుండా అన్నీ సమానంగా మసకబారుతున్నాయి. రెండో చిక్కు వెలుతురుది: మెరుగుపెట్టిన ఉక్కు భాగం ఒక వైపు సున్నం కొట్టినట్టు తెల్లగా, మరో వైపు బొగ్గులా నల్లగా పడుతోంది. లోపం లెన్స్‌లో ఉందా, నా చేతిలో ఉందా?

సూక్ష్మదృష్టి:

లోపం లెన్స్‌ది కాదు, మీ చేతిది కూడా కాదు. అంత దగ్గరికి వెళ్లినప్పుడు ఎపర్చర్ అంకె మనం అనుకున్న అంకెగా ఉండదు. మామూలు దూరాల్లో ఎఫ్ 32 అంటే ఎఫ్ 32 గానే లెక్క. 1:1 దగ్గర మాత్రం ఆ అంకెను నిష్పత్తికి ఒకటి కలిపితే వచ్చే దానితో, అంటే రెండుతో, గుణించాలి కాబట్టి, మీరు తీసింది వాస్తవంగా ఎఫ్ 64 తో. నికాన్ కెమెరాలు తమ మాక్రో లెన్సులతో ఈ పెరిగిన అంకెనే తెరపై చూపుతాయి, కెనాన్ కెమెరాలు లెన్స్‌పై ఉన్న అంకెనే చూపుతాయి. ఇద్దరు మిత్రులు తమ అంకెలు పోల్చుకుని వాదులాడుకోవడానికి సగం కారణం ఇదే.

ఎఫ్ 64 దగ్గర వివర్తనం (సన్నని కంత దాటిన వెలుతురు పక్కలకు పరచుకోవడం) వల్ల ఒక చుక్క వెలుతురు సెన్సర్ మీద దాదాపు 0.086 మిల్లీమీటర్ల వెడల్పున పరచుకుంటుంది. మీ సెన్సర్‌లో ఒక పిక్సెల్ వెడల్పు 0.006 మిల్లీమీటర్లు. అంటే ఒక్క బిందువు పద్నాలుగు పిక్సెళ్ల మీద అలుక్కుపోతోంది. అదే లెన్స్‌ను ఎఫ్ 5.6 దగ్గర ఉంచితే ఆ మరక 0.015 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అయితే అక్కడ డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (పదునుగా పడే లోతు) మొత్తం కలిపినా 0.7 మిల్లీమీటర్లకు మించదు. అది కూడా ఉదారంగా వేసిన లెక్క. ఇరుసు పొడవు దానికి ఎన్ని రెట్లుందో కాలిపర్‌తో కొలిచి చూడండి. ఒకే ఫోటోలో రెండూ రావాలన్న కోరిక ఎందుకు తీరదో తెలుస్తుంది.

దీనికన్నా పెద్ద మాట ఒకటి ఉంది. బ్యాలెన్స్ పివట్ లావు సుమారు 0.1 మిల్లీమీటర్, చిన్న గడియారాల్లో ఇంకా తక్కువ. 1:1 దగ్గర అది సెన్సర్ మీద అంతే వెడల్పున, అంటే పదిహేడు పిక్సెళ్లలో పడుతుంది. పదిహేడు పిక్సెళ్లను చూసి అరుగుదల నిర్ణయించడం నీడను చూసి మనిషి వయసు చెప్పడం లాంటిది. మీ పనికి కనీసం నాలుగు రెట్ల పరిమాణం కావాలి.

మూడోకన్ను:

నాలుగు రెట్లనగానే కొత్త లెన్స్ వెతకవలసిన పని లేదు. ఏనాడో పక్కన పెట్టిన 50 మిల్లీమీటర్ల లెన్స్ మీ దగ్గర ఉంటే, దాన్ని తలకిందులుగా తిప్పి మీ 100 మిల్లీమీటర్ల లెన్స్ ముందు జతచేయండి. రెండింటి ముందు మరలనూ కలిపే కప్లింగ్ రింగ్ అనే చిన్న వలయం ఉంటుంది. వందను యాభైతో భాగిస్తే వచ్చేదే మీ పరిమాణం, అంటే రెండు రెట్లు. వెనుక 200 మిల్లీమీటర్ల లెన్స్ ఉంటే నాలుగు రెట్లు. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య బిగించే ఖాళీ గొట్టాలైన ఎక్స్‌టెన్షన్ ట్యూబులదీ సూటి లెక్కే: ట్యూబు పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించగా ఎంత వస్తే పరిమాణం అంత పెరుగుతుంది.

తలకిందులు చేసిన లెన్స్‌తో ఒక సుగుణం ఉంది. వస్తువుకూ లెన్స్ మౌంటుకూ మధ్య దూరం ఆ మౌంటు కొలతకు (మామూలుగా మౌంటుకూ సెన్సర్‌కూ మధ్య ఉండే దూరానికి) దగ్గరగా ఉంటుంది. నికాన్ ఎఫ్ అయితే 46.5 మిల్లీమీటర్లు, కెనాన్ ఈఎఫ్ అయితే 44. దీపం దూర్చడానికి ఆ మాత్రం సందు చాలు. ఒక దుర్గుణం కూడా ఉంది: లెన్స్ వెనుక గాజు ఏ కప్పూ లేకుండా గడియారం వైపు తిరిగి ఉంటుంది, పట్టకారు మొన తగిలితే గీత పడుతుంది. నాకు ఒకసారి పడింది కాబట్టి చెబుతున్నాను.

డబ్బు వెచ్చించే ఉద్దేశం ఉంటే ఒకటి నుంచి ఐదు రెట్ల వరకు వెళ్లే కెనాన్ ఎంపీ-ఈ 65, రెండున్నర నుంచి ఐదు రెట్ల వరకు వెళ్లే లావోవా 25 ఈ పనికే పుట్టిన లెన్సులు. మొదటిది 1999 లో వచ్చింది. దానికి ఫోకస్ రింగే లేదు; పరిమాణం తిప్పుకోవడం, కెమెరాను ముందుకో వెనక్కో జరుపుకోవడం, అంతే. ఐదు రెట్ల దగ్గర లెన్స్ ముందు మిగిలే జాగా 41 మిల్లీమీటర్లు.

పట్టకారు:

ఈ చర్చలో లెన్సుల గురించి మాట్లాడేవారు ముగ్గురు ఉంటే, భాగం శుభ్రత గురించి మాట్లాడేవారు ఒక్కరూ లేరు. గడియారాల మరమ్మతే నా జీవనాధారం. పివట్ అరుగుదల చూడడానికి నేను నేటికీ కంటికి పెట్టుకునే పది రెట్ల లూప్‌నే వాడతాను. ఫోటో అవసరం లేదని కాదు. యజమానికి చూపడానికి, విప్పకముందు స్థితిని దాచుకోవడానికి దాన్ని మించినది లేదు. అయితే నాలుగు రెట్ల దగ్గర చొక్కా నుంచి రాలిన నూలు పోగు తాటిదుంగలా కనిపిస్తుంది. మురికిగా ఉన్న భాగాన్ని ఎంత గొప్ప లెన్స్‌తో తీసినా అది మురికికి తీసిన గొప్ప ఫోటోయే అవుతుంది.

నా పద్ధతి ఇది. వేళ్లకు రబ్బరు తొడుగులు వేసుకుంటాను. భాగాన్ని శుభ్రపరిచే ద్రావణంలో కడిగి ఆరబెట్టి, పివట్ కొనను బెండు ముక్కలో ఒకటి రెండుసార్లు గుచ్చి తీస్తాను. పైన మిగిలిన ధూళిని రోడికో (దుమ్మును అంటించుకునే మెత్తని పదార్థం) ముద్దతో అద్ది తీస్తాను. ఆ ముద్దను రుద్దకూడదు, అద్దాలి. రుద్దితే పలుచని జిడ్డు పొర మిగిలి ఫోటోలో ఇంద్రధనుస్సులా మెరుస్తుంది. దూదిని దగ్గరికి రానివ్వకండి. గాలి బుడ్డితో ఊదడం పళ్లెం (భాగాలన్నీ బిగించే అడుగు పలక) మీదా వంతెన (చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలక) మీదా ఫరవాలేదు గాని, హెయిర్ స్ప్రింగ్ (బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని చుట్ల తీగ) ఉన్నచోట వద్దు. ఆ తీగ మందం మిల్లీమీటర్‌లో వందో వంతుల్లో లెక్క. డబ్బాలో నింపిన గాలిని ఒక్కసారి వదిలితే చుట్లు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చుంటాయి. వాటిని విడదీయడానికి పట్టే సమయంలో వంద ఫోటోలు తీయవచ్చు.

మరొక మాట. మీ పట్టకారు అయస్కాంతం పట్టి ఉంటే మర దానికే అతుక్కుని, మీరు పెట్టిన చోట నిలవదు. ఫోటోలకు కూర్చునే ముందు దాని అయస్కాంతత్వం తీసేయండి.

వెలుగునీడ:

రెండో చిక్కుకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి నేను రాస్తాను. నా ఉద్దేశంలో ఈ పనిలో అసలు కష్టమంతా అక్కడే ఉంది.

మెరుగుపెట్టిన ఉక్కుకు తనదంటూ రంగు ఉండదు. తన ఎదుట ఏముందో అదే చూపిస్తుంది. మీ మర తల మీద కనిపించిన తెలుపు మీ దీపం. నలుపు మీ గదిలో దీపం లేని భాగం, బహుశా మీ లెన్స్ ముందరి నల్లని గుండ్రం. కనుక ఉక్కుకు దీపం వేయడం అనే ఆలోచన మానుకుని, ఉక్కుకు ఎదురుగా ఏమి కనబడాలో దాన్ని అమర్చండి. నేను టేబుల్ టెన్నిస్ బంతిని సగానికి కోసి, నడినెత్తిన లెన్స్ చూసేంత రంధ్రం చేసి, దాన్ని భాగం మీద గొడుగులా బోర్లిస్తాను. బంతి వ్యాసం 40 మిల్లీమీటర్లు, అందువల్ల పెద్ద మూవ్‌మెంటుకు (గడియారపు లోపలి యంత్రానికి) చాలదు గాని, విడి భాగానికి సరిగ్గా సరిపోతుంది. ఫ్లాష్‌ను బయట నుంచి బంతి మీద కొట్టిస్తే లోపలంతా పాలవెలుగు నిండుతుంది.

ఇక్కడ ఆగితే పొరపాటు. అన్ని దిక్కులా తెలుపే ఉంటే ఉక్కు కాగితంలా చప్పగా పడుతుంది, అంచుల్లో తీసిన ఏటవాలు మెరుగు మాయమైపోతుంది. కాబట్టి బంతి లోపలి గోడకు ఒక వైపు వేలెడు నల్ల కాగితం అంటించండి. ఆ నలుపు ఏటవాలు అంచులో సన్నని గీతగా ప్రతిఫలించి భాగానికి ఆకారం వస్తుంది. మంచి గడియారాల్లో మర తలలకు చేసే బ్లాక్ పాలిష్‌ను ఫోటో తీసేటప్పుడు ఈ తేడా మరీ తెలుస్తుంది. అంత సమతలమైన ముఖం కోణాన్ని బట్టి పూర్తిగా తెల్లగానో, పూర్తిగా నల్లగానో కనిపిస్తుంది, మధ్య రంగు ఉండదు. భాగాన్ని ఒక డిగ్రీ వంచి చూడండి, ముఖం మొత్తం ఒక్కసారిగా తిరగబడుతుంది. నీలి మరలదీ ఇదే కథ. ఉక్కును దాదాపు 300 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేసినప్పుడు పైన ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర వల్ల ఆ నీలం వస్తుంది. ఎదురుగా నలుపు ఉంటే ఆ నీలం కూడా నల్లగానే పడుతుంది, ఎదురుగా తెలుపు ఉంటేనే పలుకుతుంది.

పోలరైజర్ (ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే పోనిచ్చే ఫిల్టర్) బిగిస్తే మెరుపు పోతుందని చాలామంది సలహా ఇస్తారు. అది నీటికీ గాజుకూ వర్తించే మాట, లోహానికి కాదు. దీపానికీ లెన్స్‌కూ రెండింటికీ పోలరైజర్లు ఒకదానికొకటి అడ్డంగా బిగిస్తే మెరుపు పోతుంది నిజమే, దానితో పాటు ఉక్కు కూడా పోతుంది. నల్లని గుంట మిగులుతుంది.

చుక్కనూనె:

లెన్స్ ముందు బిగించే రింగ్ లైటు పనికిరాదా? నా దగ్గర అదే ఉంది.

వెలుగునీడ:

ప్రతి మర తలలోనూ ఒక గారె కనిపించినా ఫరవాలేదనుకుంటే పనికివస్తుంది. దాని ముందు ట్రేసింగ్ కాగితం రెండు పొరలు కట్టి చూడండి, కొంత నయమవుతుంది.

సూక్ష్మదృష్టి:

వెలుతురు కుదిరిందనుకుని ఫోకస్ స్టాకింగ్‌కు వస్తాను, ఎందుకంటే పాతగడియారం గారి మొదటి చిక్కుకు మందు అదొక్కటే. ఒకే భాగాన్ని ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫోటోలు తీసి, ప్రతిదానిలోని పదునైన పొరను మాత్రమే ఏరి ప్రోగ్రాం చేత కలిపించాలి. నాలుగు రెట్ల పరిమాణం, ఎఫ్ 2.8 అయితే డెప్త్ సుమారు 0.05 మిల్లీమీటర్లు, పొరలు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కాలి కాబట్టి అడుగుకు 0.03 చొప్పున జరపండి. ఒకటిన్నర మిల్లీమీటర్ల లోతున్న భాగానికి యాభై ఫోటోలు అవుతాయి. రెండు రెట్ల లోపు లెన్స్‌లోని ఫోకస్ జరిపినా సరిపోతుంది; అంతకు మించితే కెమెరానే మర తిప్పి జరిపే పట్టా మీద పెట్టాలి. చేత్తో తిప్పేటప్పుడు వెనక్కి తిప్పకండి, ఎప్పుడూ ఒకే దిశలో వెళ్లండి, లేకపోతే మరలోని వదులు వల్ల రెండు ఫోటోల మధ్య ఒక పొర తప్పిపోతుంది.

కలపడానికి జెరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ రెండూ మంచివే. జెరీన్‌లో పీమ్యాక్స్ అనే పద్ధతి ఒకదాని మీదొకటి దాటే సన్నని గీతలను, అంటే హెయిర్ స్ప్రింగ్ చుట్లను, బాగా పట్టుకుంటుంది గాని గరుకుదనాన్ని పెంచుతుంది. డీమ్యాప్ పద్ధతి నున్నని తలాల రంగును కాపాడుతుంది గాని అంచుల చుట్టూ పొగలాంటి వలయం వదులుతుంది. నేను రెండూ చేసి, రెంటిలో మంచి భాగాలను కలుపుకుంటాను.

కదలిక విషయంలో ఒక్క మాట చాలు: బల్ల మీద చేయి ఆనించకండి, టైమర్ పెట్టి వదిలేయండి, ఎలక్ట్రానిక్ షటర్ వాడితే మాత్రం చవక ఎల్‌ఈడీ దీపాల మినుకు చారలుగా పడుతుందని గుర్తుంచుకోండి.

పట్టకారు:

యాభై ఫోటోలంటున్నారు. భాగాన్ని సెన్సర్‌కు సమాంతరంగా పడుకోబెడితే వంతెనకూ పళ్లానికీ ఐదారు చాలు. మొదట అది నేర్చుకోండి. పళ్లెం మీద చిన్న అద్దం ముక్క పెట్టి, కెమెరాలో చూస్తే లెన్స్ ప్రతిబింబం సరిగ్గా నడుమ కనిపించాలి. కనిపించిందంటే సమాంతరం కుదిరినట్టే.

మూడోకన్ను:

అద్దం చిట్కా బాగుంది. అయితే ఆ చిట్కా సమతల భాగాలకే పరిమితం. ఇరుసును పడుకోబెట్టి తీసినా దాని గుండ్రదనం ఎక్కడికీ పోదు కదా.

చుక్కనూనె:

నడుస్తున్న బ్యాలెన్స్ చక్రాన్ని ఆపకుండా తీయడం కుదురుతుందా? ఒక పాత మూవ్‌మెంటును నడిపించి, ఆకులు గాలిలో నిలిచినట్టు తీయాలని సరదా.

సూక్ష్మదృష్టి:

కుదురుతుంది, లెక్క తెలిస్తే. గంటకు 28,800 సార్లు కొట్టుకునే గడియారం సెకనుకు నాలుగు పూర్తి ఊపులు (ఒక్కో ఊపుకు రెండు కొట్టుళ్లు) ఊగుతుంది. ఊపు నడుమ నుంచి ఒక్కో వైపుకు 270 డిగ్రీలు, చక్రం వ్యాసార్ధం 4.5 మిల్లీమీటర్లు అనుకుంటే, నడుమ దాటేటప్పుడు దాని అంచు వేగం సెకనుకు సుమారు 530 మిల్లీమీటర్లు. వెయ్యో వంతు సెకనులో అది అర మిల్లీమీటర్ జరుగుతుంది, అంటే మాక్రోలో పూర్తిగా అలుక్కుపోతుంది. చిన్న ఫ్లాష్‌ను అతి తక్కువ శక్తికి తగ్గిస్తే దాని మెరుపు 20,000 వ వంతు సెకనుకు దగ్గరగా వస్తుంది. అప్పుడు జరిగేది 0.03 మిల్లీమీటర్ల లోపే. గది చీకటి చేసి ఫ్లాష్ ఒక్కటే వెలగనివ్వండి. లేదా చక్రం ఊపు చివర వెనక్కి మళ్లే క్షణాన్ని పట్టండి, అక్కడ వేగం సున్నా. ఇరవై ముప్పై ఫోటోలు తీస్తే ఒకటైనా ఆ క్షణానికి దగ్గరగా పడుతుంది. స్టాకింగ్ ఊసు మాత్రం ఎత్తకండి, నడిచే చక్రానికి ఒకే ఫోటో.

పాతగడియారం:

మీరందరూ చెప్పినట్టు చేశాను, కాస్త ఆలస్యంగా తిరిగి వచ్చాను. 200 మిల్లీమీటర్ల లెన్స్ ముందు 50 తిప్పి బిగించాను, సగం బంతి బోర్లించాను, లోపల నల్ల కాగితం అంటించాను. పివట్ ఫోటో చూసి నేనే నమ్మలేకపోయాను: కొనకు కాస్త కింద చుట్టూ సన్నని గాడి పడి ఉంది, లూప్‌లో నాకు ఎన్నడూ కనబడలేదు.

ఇప్పుడు కొత్త దిగులు పట్టుకుంది. బ్యాలెన్స్‌ను తీసేశాక, వంతెన మీది షాక్ సెట్టింగ్‌ను (కుదుపుల నుంచి పివట్‌ను కాచే రాళ్ల అమరికను) మాత్రం విప్పకుండానే, పై నుంచి అరవై ఫోటోలు స్టాక్ చేశాను. కలిపిన ఫోటోలో రాయికి అడ్డంగా వంపు తిరిగిన నల్లని గీత ఒకటి ఉంది, ఒక చివర అంచు దాకా వెళ్లింది. రాయి పగిలినట్టేనా? ఈ మూవ్‌మెంటుకు ఆ రాయి మళ్లీ దొరకడం కష్టం.

పట్టకారు:

వంపు తిరిగిన ప్రతి గీతా పగులే కానక్కరలేదు.  తొందరపడి తీసేయకండి.

సూక్ష్మదృష్టి:

కలిపిన ఫోటోను పక్కన పెట్టి, విడి ఫోటోలను వరుసగా తిప్పి చూడండి. కెంపు పారదర్శకం. పై ముఖం, అడుగు ముఖం, ఆ అడుగున ఉన్నది, అన్నీ వేర్వేరు ఫోటోలలో పదునుగా పడతాయి; ప్రోగ్రాంకు ఏది పైనో ఏది కిందో తెలియదు, పదునుగా ఉన్న ప్రతిదాన్నీ ఒకే తలం మీద అతికిస్తుంది. ఆ గీత ఏ నంబరు ఫోటోలో పదునుగా ఉందో, రాయి పైముఖం మీది ధూళి ఏ నంబరులో పదునుగా ఉందో చెప్పండి.

పాతగడియారం:

ధూళి 12 నుంచి 14 వరకు పదునుగా ఉంది. గీత 21 నుంచి 24 వరకే ఉంది, అప్పటికి పైముఖం పూర్తిగా మసకబారింది. తొమ్మిది పది అడుగుల తేడా, అంటే 0.3 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ.

సూక్ష్మదృష్టి:

కెంపు వక్రీభవన గుణకం 1.76. రాయి లోంచి చూసినప్పుడు అడుగు ఉన్నదానికన్నా పైకి లేచి కనిపిస్తుంది, కాబట్టి ఆ గుణకంతో గుణిస్తే అసలు లోతు అర మిల్లీమీటర్‌కు కాస్త తక్కువ అవుతుంది. మీ గీత రాయిలో లేదు, రాయి కింద ఉంది.

చుక్కనూనె:

ఇన్నాళ్లకు నాకు తెలిసిన విషయం ఒకటి వచ్చింది. అది నూనె అంచు. షాక్ సెట్టింగ్‌లో పైన మూత రాయి, కింద రంధ్రపు రాయి ఉంటాయి, రెండింటి సందులో నూనె చుక్క నిలుస్తుంది. సరిగ్గా వేసిన చుక్క నడుమన గుండ్రంగా, రాయి వ్యాసంలో సగానికి కాస్త అటూ ఇటూగా కనిపించాలి. మీది ఒక వైపు అంచు దాకా పాకి వంపు గీతలా మిగిలింది. పాత నూనె ఎండి జరిగిపోయింది, లేదా వేసేటప్పుడే చుక్క ఎక్కువైంది.

పాతగడియారం:

సెట్టింగ్ విప్పి రెండు రాళ్లనూ కడిగి, నూనె వేయకుండానే బిగించి, అదే బంతి కింద మళ్లీ అరవై ఫోటోలు తీశాను. గీత లేదు. తరువాత విప్పి, మూత రాయికి చిన్న చుక్క నూనె వేసి, బిగించి మళ్లీ తీశాను. ఈసారి 22 వ ఫోటోలో నడుమన గుండ్రని వలయం కనబడుతోంది, దాని చుట్టూ రాయి ఎర్రగా, ఖాళీగా ఉంది. గాడి పడిన పివట్‌ను సాన పట్టి నున్నన చేయవచ్చా, స్టాఫ్ మార్చాలా అన్నది పట్టకారు గారు ఫోటో చూసి చెప్పాలి.

పట్టకారు:

చూశాను. గాడి లోతు పివట్ లావులో పదో వంతు కన్నా తక్కువగానే ఉంది. ముందు బర్నిషర్‌తో (రుద్ది నునుపు చేసే పనిముట్టుతో) నున్నన చేసి, ఇదే అమరికలో మళ్లీ తీసి పెట్టండి. ఈసారి పక్క నుంచి ఒకటి, దానికి తొంభై డిగ్రీలు తిప్పి మరొకటి తీయండి. పివట్ ఒక వైపు మాత్రమే అరిగి ఉంటే ఒక్క ఫోటోలో తెలియదు.